ఇంటికి కూడా అప్రైజలా?

జనవరి వచ్చిందంటే చాలు, మన సాఫ్ట్‌వేరు జనాలకి ఒక పూనకం వస్తుంది. ఎక్సెల్ షీటు ఒకటి తెరవడం, పైన "పర్సనల్ గోల్స్" అని లావు అక్షరాలతో హెడ్డింగు పెట్టడం, కింద దేవుడు ప్రత్యక్షమైతే వరాలు కోరుకున్నట్టు వరసపెట్టి రాసుకుంటూ పోవడం. 24 పుస్తకాలు, రెండు క్లౌడ్ సర్టిఫికేషన్లు, ఒక హాఫ్ మారథాన్, పది కేజీలు తగ్గడం, ఒక యూట్యూబ్ చానెలు, వీలైతే చిన్న సైడు బిజినెస్సు. ప్రతి దానికీ ఎదురుగా ఒక డెడ్‌లైను, పక్కన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు. ఆఫీసులో మేనేజరుగారు పెట్టే హింస చాలదన్నట్టు ఇంట్లో మనకి మనమే మేనేజర్లం.

నేను దీనికి పూర్తిగా వ్యతిరేకినండీ. అసలు లక్ష్యాలే వద్దంటున్నాడని తొందరపడకండి. ఈ ఏడాదికి నాకూ కొన్ని ఉన్నాయి, చివర్లో చెప్తాను. నా గొడవల్లా ఆ లక్ష్యాలు ఎక్కడినుంచి అరువు తెచ్చుకుంటున్నాం అన్నదాని గురించే.

ఈ "స్మార్ట్ గోల్స్" ఉన్నాయే, అవి 1981లో జార్జ్ డోరన్ అనే ఆయన మేనేజర్ల కోసం రాసిన వ్యాసంలోవి. కంపెనీ లక్ష్యాలు ఎలా రాయాలో చెప్పాడాయన. ఓకేఆర్‌లు ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ పెట్టిన పద్ధతి. దాన్ని 1999లో జాన్ డోర్ పట్టుకెళ్ళి గూగుల్‌కి నేర్పాడు. చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీకి, సెర్చ్ ఇంజనుకి పనికొచ్చిన పద్ధతులు. బాగానే పనికొచ్చాయి, కాదనను. కానీ వాటిని తెచ్చి భార్యాభర్తల మధ్య, అమ్మానాన్నల మధ్య, ఆదివారం మధ్యాహ్నం కునుకు మధ్య పెడితే ఎలాగండీ?

పోనీ పెట్టారే అనుకుందాం. ఏమవుతుందో మనకి తెలీదా? చార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త 1975లో చెప్పిన సూత్రం ఒకటుంది. మనం రోజూ ఆఫీసులో చూసేదే. ఒక కొలతని లక్ష్యంగా పెట్టామంటే ఇక ఆ కొలతని నమ్మడానికి లేదు. బగ్గులు ఎన్ని మూశావని లెక్కపెడితే ఒక్క బగ్గే నాలుగు టికెట్లవుతుంది. కోడ్ కవరేజి 80 శాతం ఉండాలంటే ఏదీ పరీక్షించని టెస్టులు పుట్టుకొస్తాయి. ఇంట్లోనూ అంతే. 24 పుస్తకాలు అనుకున్నవాడు నవంబరు వచ్చేసరికి వంద పేజీల పుస్తకాలు వెతుక్కుంటాడు. పదివేల అడుగులు అనుకున్నవాడు రాత్రి పదకొండింటికి హాల్లో సోఫా చుట్టూ ప్రదక్షిణాలు చేస్తుంటాడు. పెళ్ళికొచ్చి, తలంబ్రాలు పోస్తున్న వేళ మండపం వెనక్కెళ్ళి భాష నేర్పే యాప్‌లో "స్ట్రీక్" పోకుండా చూసుకున్నవాణ్ణి నా కళ్ళతో చూశాను. ఆ భాషలో మంచినీళ్ళు అడగడం కూడా రాదు వాడికి. స్ట్రీకు మాత్రం 400 రోజులు దాటింది :)

సోమవారం పొద్దున్న ఎవరైనా "వీకెండ్ ఏం చేశావ్?" అంటే "ఏం లేదు, ఇంట్లోనే ఉన్నా" అని చెప్పి చూడండి. మొహం ఎలా పెడతారో! ఒంట్లో బాలేదా అన్నట్టు, ఇంట్లో గొడవా అన్నట్టు. ఇంట్లో ఉండటం అంటే ఏమీ చేయకపోవడం అని మనం నిర్ణయించేసుకున్నాం. ఫోటో తీసి పెట్టడానికి లేనిదీ, రెజ్యూమెలో రాయడానికి లేనిదీ, అసలు జరగనట్టే లెక్క.

మా నాన్న తెనాలి దగ్గర ప్రభుత్వ బడిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. సాయంత్రం అయిదున్నరకి ఇంటికొచ్చేవారు. కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, వసారాలో పడక్కుర్చీలో కూర్చునేవారు. పొద్దున చదవగా మిగిలిన పేపరు చదివేవారు. అమ్మ చిక్కుడుకాయలు ముందు పెడితే ఈనెలు తీస్తూ కూర్చునేవారు. పక్కింటాయన వస్తే ఇద్దరూ ప్రభుత్వాన్ని తిట్టేవారు. రోజూ ఇదే. ఈ మనిషికి యాంబిషన్ లేదని ఎవరూ అనలేదు. నాకు శాతాలూ, వడ్డీ లెక్కలూ వచ్చింది ఆ పడక్కుర్చీ పక్కనే. అదేమీ ఆయన పెట్టుకున్న "పేరెంటింగ్ గోల్" కాదు. ఆయన అక్కడ ఉన్నారు, నేను అక్కడ ఆడుకుంటున్నాను, అంతే. ఊరికే అందుబాటులో ఉన్న మనిషి దగ్గర్నుంచి వచ్చేవి ఇలాగే వస్తాయి. ముందు ప్లాను వేసి, అరగంట స్లాటు బుక్ చేస్తే రావు.

ఇప్పుడు ఆ ఊరికే ఉండే కాస్త టైముకి కూడా పెద్దలు ఎసరు పెడుతున్నారు. 2023 అక్టోబరులో నారాయణమూర్తిగారు కుర్రాళ్ళు వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్‌గారు దాన్ని 90కి పెంచారు. ఆదివారం కూడా పని చేయించలేకపోతున్నందుకు బాధపడి, ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపని చూస్తారని కూడా అడిగారు. ఎంతసేపని ఏంటండీ? మా ఇష్టం! పెళ్ళి చేసుకుందే అందుకు కదా.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. నారాయణమూర్తిగారి కష్టం మీద నాకు గౌరవం ఉంది. 1981లో పదివేల రూపాయలతో కంపెనీ మొదలుపెట్టారు, అదీ సుధామూర్తిగారు దాచుకున్న డబ్బుతో. కానీ తన కంపెనీకి తను 90 గంటలు పనిచేసేవాడి లెక్క వేరు, జీతగాడి లెక్క వేరు. ఆయనకి చివర్లో కంపెనీ మిగిలింది. మనకి చివర్లో మిగిలేది ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంటు.

సరే, ఇంజనీర్లం కదా, లెక్కే వేద్దాం. వారానికి 168 గంటలు. పని 90. రోజుకి ఏడు గంటల చొప్పున నిద్ర 49. నిజాంపేట నుంచి గచ్చిబౌలి పోయి రావడం వారానికి తక్కువలో తక్కువ పది గంటలు. స్నానం, తిండి రోజుకి రెండు గంటలు వేసుకుంటే 14. మొత్తం 163. మిగిలింది అయిదు గంటలు, అంటే రోజుకి 43 నిమిషాలు. ఈ 43 నిమిషాల్లో బట్టలు ఉతుక్కోవాలి, కూరలు తెచ్చుకోవాలి, అమ్మకి ఫోన్ చెయ్యాలి, పిల్లలుంటే వాళ్ళని పెంచాలి, ఆ పైన మన ఎక్సెల్ షీటులో 24 పుస్తకాలూ చదవాలి!

ఒంటి సంగతి కూడా చూద్దాం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి లెక్కలు తేల్చాయి. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే 55 గంటలు, ఆ పైన చేసేవాళ్ళకి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఇలా ఎక్కువ గంటల పని వల్ల 2016 ఒక్క ఏడాదిలో 7 లక్షల 45 వేల మంది పోయారని వాళ్ళ అంచనా. అది 55 గంటల దగ్గర మొదలయ్యే సంగతి. 90 దాకా పోనక్కర్లేదు.

ఇంకో ప్రశ్న ఉంది. 90 గంటలు పనిచేసే మగాడు అన్నం తింటున్నాడు కదా, అది ఎవరు వండారు? ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఎవరు ఇస్త్రీకి ఇచ్చారు? 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. అదీ ఆ పని చేసేవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటే. మనం చెప్పుకునే "ప్రశాంతమైన ఇల్లు" ఈ 289 నిమిషాల మీద నిలబడి ఉంది. ఆదివారం నేను సోఫాలో కాళ్ళు చాపుకుని ప్రశాంతతని ఆస్వాదిస్తూ, లోపల కుక్కరు మూడో కూత మా ఆవిడే వినాల్సి వస్తే అది నా ఒక్కడి ప్రశాంతతే. ఆవిడకి అది ఇంకో షిఫ్టు. ఆవిడదీ సాఫ్ట్‌వేరే, ఆవిడకీ ప్రొడక్షన్ కాల్స్ ఉంటాయి. కాబట్టి ఇంటి జీవితాన్ని పొగిడే మగవాళ్ళెవరైనా (నాతో సహా) ముందు చీపురు ఎక్కడుంటుందో తెలుసుకుని ఆ తర్వాత పొగడాలి.

ఇక మీరు అడగబోయేది నాకు తెలుసు. "బాబూ, ఏఐ వచ్చింది, ఉద్యోగాలు ఊడుతున్నాయి, ఇప్పుడు నేర్చుకోకుండా ఇంట్లో కూర్చుంటే ఎలా? ఈఎంఐ నువ్వు కడతావా?" అని. న్యాయమైన ప్రశ్నే. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతాన్ని, అంటే 12 వేల పైచిలుకు మందిని తగ్గిస్తానని ప్రకటించినప్పుడు మా ఫ్లోరులో కూడా ఎవరికీ అన్నం సయించలేదు. భయం నాకూ ఉంది. కానీ అలాంటి జాబితాలు తయారయ్యేటప్పుడు ఎవరు ఎన్ని ఆదివారాలు ఆఫీసుకి ఇచ్చారో ఎవరు చూస్తారు చెప్పండి? నేర్చుకోవడం తప్పదు, ఒప్పుకుంటాను. నేర్చుకోవడం ఉద్యోగంలో భాగం కాబట్టి దాన్ని పని గంటల్లోనే లెక్కెయ్యండి. దానికి "సెల్ఫ్ డెవలప్‌మెంట్" అని పేరు పెట్టి ఇంటి ఖాతాలో రాయకండి. కుబర్నెటిస్ సర్టిఫికేషన్ వల్ల లాభం కంపెనీకి, ఖర్చయింది మా ఇంట్లో రాత్రి భోజనం వేళ. ఏ ఆడిటరైనా ఈ పద్దు ఒప్పుకుంటాడా?

చట్టం కాపాడుతుందని కూర్చుంటే కుదరదు. తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకి పది గంటల దాకా పనికి అనుమతిచ్చింది, వారానికి 48 గంటల పరిమితితో. ఆఫీసు అయ్యాక ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కు కోసం 2025 డిసెంబరులో సుప్రియా సూలే లోక్‌సభలో ఒక ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు. మంచిదే. కాకపోతే 1970 తర్వాత ప్రైవేటు మెంబరు బిల్లు ఒక్కటి కూడా చట్టం కాలేదు. ఫ్రాన్సువాళ్ళకి ఆ హక్కు 2017 నుంచీ ఉంది. మనకి వచ్చేదాకా మన గుమ్మం మనమే కాసుకోవాలి.

చివరగా ఒక చిన్న లెక్క. ఎవరిది వాళ్ళు వేసుకోండి. నేను ఏడాదికి మూడుసార్లు ఊరెళ్తాను, సంక్రాంతికి, దసరాకి, మధ్యలో ఒకసారి. వెళ్ళినప్పుడల్లా నాలుగు రోజులు. ఏడాదికి 12 రోజులు. అమ్మానాన్నలు ఇంకో ఇరవై ఏళ్ళు చల్లగా ఉండాలని కోరుకుంటూ గుణిస్తే 240 రోజులు. ఎనిమిది నెలలు. అంతేనండీ, అమ్మానాన్నలతో ఒక ఇంట్లో ఉండటానికి నాకు మిగిలింది. ఆ ఎనిమిది నెలల్లో సగం ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఇంకేం మిగులుతుంది?

అందుకని ఈ ఏడాది నా లక్ష్యాలు ఇవీ. వీటికి రంగులు లేవు, శాతాలు లేవు.

1. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఆఫీసు ఫోన్ బీరువాలో. ఆన్-కాల్ వారం మాత్రం మినహాయింపు. ఆ వారానికి బదులు ఒక రోజు సెలవు అడిగి తీసుకుంటాను. సిగ్గుపడను.

2. మంగళ, గురు, ఆదివారాలు వంట నాది. వండటం ఒక్కటే కాదు, ఏం వండాలో ఆలోచించడం, పప్పు అయిపోయిందని ముందే గుర్తుపెట్టుకోవడం, తర్వాత గిన్నెలు సర్దడం కూడా. అసలు బరువు ఆ గుర్తుపెట్టుకోవడంలోనే ఉంటుంది.

3. ఊరెళ్ళే 12 రోజుల్ని 20 చెయ్యడం. లీవులు మురగబెట్టి మార్చిలో పారేసే పని లేదు. వెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్ హైదరాబాదులోనే ఉంటుంది.

4. పుస్తకాలు చదువుతాను. ఎన్నో లెక్కపెట్టను.

5. వారంలో ఒక సాయంత్రం ఏ పనీ పెట్టుకోకపోవడం. మా ఆవిడకీ, నాకూ ఇద్దరికీ. బాల్కనీలో కూర్చుంటామో, పోట్లాడుకుంటామో అది మా విషయం. ఎవరికీ స్టేటస్ రిపోర్ట్ పంపం.

ఇది బద్ధకం అనేవాళ్ళు అనుకోండి. నా పని గంటల్లో నా పని నేను ఒళ్ళు దాచుకోకుండా చేస్తాను, జీతం తీసుకుంటున్నాను కాబట్టి. ఆ తర్వాతి గంటలకి నాకెవరూ జీతం ఇవ్వట్లేదు. వాటికి నేను ఎవరికీ జవాబుదారీ కాదు, ఆ ఇంట్లో నాతో ఉన్నవాళ్ళకి తప్ప.

మీ ఎక్సెల్ షీటు ఇంకా తెరిచే ఉంటే ఒక్క పని చెయ్యండి. అందులో ప్రతి వరుసకీ ఎదురుగా "ఇది ఎవరికోసం?" అని ఒక కాలమ్ పెట్టి, నిజాయితీగా నింపండి. కంపెనీ పేరు, లింక్డ్‌ఇన్ పేరు వచ్చిన వరుసలన్నీ ఆఫీసు ఫైల్లోకి మార్చెయ్యండి. మిగిలినవి మీవి.