తుడిచేసిన హార్డ్ డిస్క్

మా ఊరు కైరుప్పల. కర్నూలు జిల్లా ఆస్పరి మండలం. హాస్టల్లో ఊరి పేరు చెప్తే ఎవరికీ తెలీదు. "ఉగాది మరుసటి రోజు పిడకలతో కొట్టుకుంటారే, ఆ ఊరు" అంటే మాత్రం "ఓహో, టీవీలో చూశాం" అంటారు. వీరభద్రస్వామికీ భద్రకాళమ్మకూ పెళ్ళి దగ్గర వచ్చిన అలక అది. స్వామి పెళ్ళికి తాత్సారం చేశాడని ఊరు రెండుగా చీలి, అమ్మవారి వైపు వాళ్ళూ స్వామి వైపు వాళ్ళూ పిడకలు విసురుకుంటారు. కారుమంచి నుంచి రెడ్ల వంశం వాళ్ళు గుర్రమెక్కి వచ్చి పూజ చేశాకే మొదలు. దెబ్బ తగిలినవాళ్ళు గుళ్ళో విభూతి పూసుకుంటారు. తర్వాత దేవుళ్ళకు పెళ్ళి. ఊరంతా మళ్ళీ ఒకటే.

నేను రాయబోయేది పిడకల గురించి కాదు. పై చదువుకు విమానం ఎక్కేటప్పుడు మనం సంచిలో పెట్టుకునే సామాను గురించి, భయపడి పారేసుకునే సామాను గురించి. రెండూ మా ఇంట్లో ఒకచోటే కలిశాయి, అందుకే ఊరితో మొదలుపెట్టాను.

మా పెదనాయన కొడుకు, మా అన్న, ఎమ్మెస్ చెయ్యడానికి అమెరికా పోయాడు. పోయే ముందు వారం రోజులు ఇంట్లో ఊరగాయల తూకమే తూకం. ఒక పెట్టెకు 23 కిలోలు దాటకూడదని పెద్దమ్మ మూడుసార్లు కాటా వేయించింది. ఆ వారంలో ఎవ్వరూ ఆలోచించనిది అన్న దగ్గరున్న హార్డ్ డిస్క్ గురించి. అందులో మూడు ఉగాదుల పిడకల సమరం ఉంది, అన్నే తీసింది. అంతకంటే ముఖ్యం, మా తాత చెక్కభజన ఉంది. తాత తన జట్టుతో అరుగు మీద కూర్చుని, మధ్యలో దగ్గుకుంటా, మరిచిపోయిన చోట అవ్వ అందిస్తాంటే పాడిన పాటలు. మూడు గంటల పైమాట. తాత పోయి రెండేళ్ళయింది.

బయల్దేరే ముందు రాత్రి అన్న స్నేహితుడొకడు ఆ వీడియోలు చూశాడు. దుమ్ము, కేకలు, గుంపులు గుంపులుగా జనం, విసిరే చేతులు, నెత్తురు కారే తలకాయలు. "ఒరే, ఇది చూస్తే అల్లర్లనుకుంటారు. ఎయిర్‌పోర్ట్‌లో డిస్కు తెరిపిస్తారంట. నిన్ను వెనక్కి తోలేస్తారు" అన్నాడు. ఇంకో సీనియర్‌కి ఫోన్ చేస్తే ఆయన "మామూలుగా డిలీట్ చేస్తే సరిపోదు, వాళ్ళు రికవరీ చేస్తారు" అన్నాడంట. నిజమే, మామూలు డిలీట్‌లో పోయేది ఫైలు అడ్రసే, డేటా చాలావరకు అక్కడే ఉంటుంది. ఆ మాత్రం మనకు పాఠాల్లో ఉంది. కాబట్టి మా అన్న ఇంజనీరు తెలివంతా వాడి, డిస్కు మొత్తం సున్నాలతో నింపేశాడు. ఇంక ఏ సాఫ్ట్‌వేరూ తీయలేదు. ఇంకో కాపీ ఎక్కడా లేదు.

అక్కడ దిగాక ఆఫీసరు అడిగినవి రెండే ప్రశ్నలు. ఏం చదవడానికి వచ్చావు, తినే వస్తువులు ఏమున్నాయి. డిస్కు సంచిలోంచి బయటికి కూడా రాలేదు.

అలాగని ఆ భయం గాలిలోంచి పుట్టిందని నేను అనను. అమెరికా సరిహద్దులో ఫోన్లూ ల్యాప్‌టాపులూ చూసే అధికారం అక్కడి కస్టమ్స్ వాళ్ళకు ఉంది. 2018 జనవరిలో వాళ్ళే ఇచ్చిన ఆదేశం ప్రకారం, పరికరంలో ఉన్నది చూడొచ్చు, క్లౌడ్‌లో ఉన్నదాన్ని లాగకూడదు, చూసే ముందు నెట్ కనెక్షన్ తీసెయ్యాలి. లాక్ తీయనంటే పరికరాన్ని ఉంచేసుకోవచ్చు. వీసా మీద వచ్చినవాళ్ళను వెనక్కి పంపనూ వచ్చు. వాళ్ళ లెక్కల సంవత్సరం 2024లో అలా చూసినవి సుమారు 47 వేలు, దేశంలోకి వచ్చిన జనం దాదాపు 42 కోట్లు. అంటే సుమారు తొమ్మిది వేల మందికి ఒకరు. తక్కువే, కానీ ఆ ఒకరు మనమైతే చిన్న విషయం కాదు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్ళు సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టాలని కూడా అన్నారు. దీన్ని సమర్థించడం నా వల్ల కాదు. మన అవ్వ ఫోటోలు ఎవరో కౌంటర్‌లో నిలబెట్టి తిప్పి చూడటం ఏ దేశం చేసినా నాకు నచ్చదు.

నా అభ్యంతరం మాత్రం మన మీద. నియమం రాసి ఉంది, చదవొచ్చు. మనం చదవం. సీనియర్ చెప్పింది వింటాం. ఆ సీనియర్ ఇంకో సీనియర్ దగ్గర విన్నాడు. గేట్‌కు చదివినట్టు ఒక్క పూట దీన్ని చదివితే అన్నకు తెలిసేది: పరికరంలో లేనిదాన్ని చూడటం కుదరదు, కాబట్టి డిస్కు ఇంట్లో పెట్టి పోతే చాలు. తుడవాల్సిన పనే లేదు. పెదనాయన పెట్టెలో పొలం పాస్ పుస్తకం పక్కన అది హాయిగా ఉండేది.

ఆ పెట్టె సంగతి ఇంకోటి ఉంది. రెండేళ్ళకు అక్క పెళ్ళికని అన్న వచ్చాడు, మెడలో కెమెరా వేసుకుని. ఇక్కడ కొన్న కెమెరానే, ఇక్కడి నుంచే తీసుకుపోయాడు. మన దేశపు విమానాశ్రయం ఒకదాంట్లో ఆపారు. "అక్కడ కొన్నావు కదా?" అని. అప్పుడు నడుస్తున్నది 2016 బ్యాగేజీ నిబంధనలు. ఒక ల్యాప్‌టాప్‌కు విడిగా మినహాయింపు, మిగతా కొత్త సామానుకు 50,000 రూపాయల వరకు సుంకం లేదు, దాటినదాని మీద 38.5 శాతం. కెమెరా, లెన్సులు కలిపితే దాటుతుంది. ఇక్కడిదే అని చూపడానికి కాగితం లేదు. రెండు గంటలు నిలబెట్టారు. అవతల కైరుప్పలలో పెదనాయన పెట్టె బోర్లించి వెతికితే, చివరికి అవ్వకు దొరికింది ఆదోని అంగడి బిల్లు. వాట్సాప్‌లో ఫోటో పెడితే వదిలారు. "నెంబరు కనపడేట్టు తీయ్ నాయనా" అని అవ్వ చెప్తాంటే పెదనాయన చేతులు వణికినాయంట.

దీనికి మందు చాలా చిన్నది. పోయేటప్పుడే కస్టమ్స్ కౌంటర్‌లో వస్తువు, దాని సీరియల్ నెంబరు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. తిరిగి వచ్చినప్పుడు అది చూపిస్తే ఇక్కడి నుంచే పోయిన వస్తువని తేలిపోతుంది. పెట్టె చెక్-ఇన్ చేసేశాక గుర్తొస్తే లాభం లేదు, వస్తువు చేతిలో ఉండాలి. నేను అడిగిన పదిమంది సీనియర్లలో ఈ కాగితం పేరు విన్నది ఒక్కడే.

ఇంకో మాట, వచ్చేటప్పుడు టీవీ తెమ్మని మీ బావ అడిగితే వద్దనండి. ఫ్లాట్ టీవీకి ఉన్న మినహాయింపు 2013 ఆగస్టు 26తోనే పోయింది. రూపాయి పడిపోతున్న రోజుల్లో తీసేశారు. తెచ్చి సుంకం కడితే ఆదోనిలో కొన్నదాని కంటే ఎక్కువ పడినా ఆశ్చర్యం లేదు.

అన్నను నేను తప్పు పట్టను. ఇరవై రెండేళ్ళు, మొదటిసారి విమానం, ఇంటి మీద చదువు అప్పు. ఆ రాత్రి నేనున్నా అదే చేసేవాణ్ణేమో. కానీ అవ్వ ఇప్పటికీ అడుగుతుంది, "మీ తాత పాట పెట్టరా ఒకసారి" అని. అన్న వీడియో కాల్‌లో ఉంటే "నెట్ సరిగ్గా లేదు అవ్వా" అంటాడు. నిజం ఇంకా ఎవరం చెప్పలేదు.

పోయిన ఉగాదికి నేనే ఫోన్‌లో సమరం తీశాను. తాత జట్టులో మిగిలిన ఇద్దరు ముసలోళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి గుర్తున్నంత పాడించాను. నలభై నిమిషాలు వచ్చింది. సగం చోట్ల ఆగిపోయారు, అందించడానికి అవ్వ ఉంది కాబట్టి నడిచింది.

ఈ ఆగస్టులో మన కాలేజీ నుంచి పోయే సీనియర్లూ, మీ ఫోన్లలో, డిస్కుల్లో ఏముందో మీకే తెలుసు. ఏదైనా తుడిచే ముందు క్లబ్బు గదికి రండి. రెండు టెరాబైట్ల డిస్కు కొని పెట్టాం, మీ పేరుతో ఫోల్డర్ చేసి తాళం మీకే ఇస్తాం. వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్, కెమెరా బిల్లులు కూడా తెచ్చుకోండి, స్కాన్ చేసి ఒక కాపీ మీ ఇంటికి పంపుతాం.