నడుం పట్టే చేతికి జీతం ఇవ్వండి

19 ఏళ్లుగా కుట్టుమిషను తొక్కుతున్నాను. అందులో 6 ఏళ్లుగా నడుం నొప్పి. పొద్దున లేవాలంటే పక్కకి ఒత్తిగిల్లి, మోచెయ్యి ఆనించి, కాసేపు ఆగి లేవాలి. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ కొత్త కాదు, అందుకే ఎవరికీ పట్టదు. నన్ను మొదట చూసిన డాక్టరు కూడా "ఆడవాళ్లకి నడుం నొప్పి మామూలేనమ్మా" అన్నాడు. జబ్బు అంత మామూలైతే వైద్యం కూడా మామూలుగా దొరకాలి కదా!

ఆయన రాసిన బిళ్లలతో కడుపులో మంట వచ్చింది. రెండో ఆయన బెల్టు కొనిపించి, ట్రాక్షన్ అని నడుం సాగదీసే మిషను మీద పది రోజులు పడుకోబెట్టాడు. నాలుగు వేలు దాటింది. ఫలానా కారణమని తేలని దీర్ఘకాలిక నడుం నొప్పి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. బెల్టులూ ట్రాక్షనూ అలవాటుగా రాయొద్దంది. వ్యాయామం, మర్దన లాంటివి వాడొచ్చంది. మా అమ్మమ్మ నువ్వులనూనె గిన్నెతో చేసిన పనే ఇది. (మర్దనతో అన్నీ పోతాయని నేననడం లేదు. కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా, నూనె గిన్నె పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.)

సరే, మర్దన ఎక్కడ చేస్తారో వెతుకుతూ బయల్దేరాను. మా వీధి చివర సెలూన్లో గడ్డం గీశాక మగవాళ్లకి తలా మెడా భుజాలూ పట్టి పంపిస్తారు, కొద్ది డబ్బులకే. వాళ్లు కబుర్లు చెప్పుకుంటూ దర్జాగా చేయించుకుంటారు. ఆడవాళ్లకి అలాంటి కుర్చీ ఏ వీధిలో ఉంది? ఆయుర్వేదం బోర్డు పెట్టిన చోట గంటకి 1500 అన్నారు, ఏడు రోజులు తప్పదన్నారు. నేను జాకెట్టు కుడితే వచ్చేది 150. గంటసేపు నడుం పట్టించుకోవాలంటే పది జాకెట్లు వంగి కుట్టాలి! మసాజ్ సెంటర్ ఒకటుందట కదా అని మా మరిదిని అడిగితే "అలాంటి చోట్లకి నువ్వెందుకు వదినా" అని అదోలా నవ్వాడు. పేపర్లో ఆ మాట పోలీసు దాడుల వార్తల్లో తప్ప కనిపించదు మరి. నొప్పితో ఉన్న మనిషి నోరు తెరిచి అడిగే వీలు కూడా లేకుండా చేశారు.

చివరికి ప్రభుత్వ ఆయుర్వేద ఆస్పత్రికి వెళ్లాను. నూనె ఉంది, బల్ల ఉంది, డాక్టరమ్మ చీటీ కూడా రాసింది. మర్దన చేసే ఆడమనిషి మాత్రం లేదు. ఉన్న ఒక్కామె రిటైరయ్యాక ఆ పోస్టు నింపలేదు. "మగాయన ఉన్నాడు, మీకు ఇబ్బంది లేకపోతే..." అన్నారు. నాకు ఇబ్బందే.

ఇదే నొప్పికి మా పెద్దమ్మ కూతురు 34 ఏళ్లకే గర్భసంచి తీయించుకుంది. సంచి పోయింది, నొప్పి పోలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. అందరివీ అక్కర్లేని ఆపరేషన్లేనని అనను. కానీ తెల్లబట్టకీ నడుం నొప్పికీ సంచి తీసేయించుకున్న ఆడవాళ్లు మన ఊళ్లలో ఎవరికి తెలియదు? ఆస్పత్రిలో చేరి కోత పెట్టించుకుంటే ప్రభుత్వ కార్డు పనిచేస్తుంది, అప్పు కూడా పుడుతుంది. నడుం పట్టే చేతికి ఏ కార్డూ లేదు.

ఇంట్లో ఎవరిచేతైనా పట్టించుకోవచ్చుగా అంటారు. ఎవరిచేత? అత్తగారి మోకాళ్లకి నూనె రాసేదీ, పసిదానికి నలుగు పెట్టేదీ, మా ఆయన కాళ్లు పట్టేదీ నేనే. పూర్వం మంత్రసాని వచ్చేది కదా అంటారు. వచ్చేది. బాలింత ఒళ్లంతా మర్దన చేసి, చేటెడు బియ్యమూ పాత చీరా పుచ్చుకుని పెరటిదారినే వెళ్లేది. ఆమె నడుం ఎవరు పట్టారు? నాకు చవగ్గా దొరకాలంటే ఆమెకి తక్కువ ఇవ్వాలన్న లెక్క నాకొద్దు. ఆమెకి నెలజీతం ఉండాలి, నా దగ్గర పైసా తీసుకోకూడదు. ఆ ఖర్చు ప్రభుత్వం భరించాలి.

ఈలోగా మేం నలుగురం ఆదివారం మధ్యాహ్నాలు ఒకరికొకరం నడుం పట్టుకుంటున్నాం. ఒకామె ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకొచ్చి, వెన్నుపూస మీద నొక్కకుండా పక్క కండల మీద ఎలా పట్టాలో మాకు చూపించింది. ఖర్చల్లా నూనెకే. సోమ, మంగళవారాలు హాయిగా ఉంటుంది, బుధవారానికి మళ్లీ మొదలు. మిర్చికి తొడిమలు తీసే అక్క మొదటిరోజు బోర్లా పడుకుని ఏడ్చింది. నొప్పికి కాదు. పెళ్లయ్యాక తన వీపు మీద మంచికోసం చెయ్యి పడడం అదే మొదలట.

ఇదంతా చూసి స్వయం సహాయం అని మెచ్చుకోబోయే అధికారులు కాస్త ఆగండి. ఆదివారం కూడా తీరిక లేని ఆడవాళ్లే మా వీధిలో ఎక్కువ. ఆ ఖాళీ పోస్టు నింపాలనీ, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో శిక్షణ పొందిన స్త్రీ వారానికి రెండు రోజులైనా ఉండాలనీ అర్జీ రాశాం. 81 సంతకాలు, 11 వేలిముద్రలు. జవాబు వచ్చేదాకా ప్రతి నెలా మొదటి సోమవారం కలెక్టరాఫీసుకి వెళ్తాం. మీ ఊరి ఆస్పత్రిలో ఆ పోస్టు ఉందో, ఖాళీగా ఉందో కనుక్కుని ఈ పత్రికకి రాయండి. మాతో వచ్చేవాళ్లు చాప తెచ్చుకోండి. అక్కడ వరుసలో గంటలు పడుతుంది, కూర్చోడానికి బల్లల్లేవు.