పైన పటారం, లోన ఏమిటి?

తూత్తుకుడిలో వియత్నాం దేశపు విన్‌ఫాస్ట్ కంపెనీ 2025 ఆగస్టు 4న విద్యుత్ కార్ల కర్మాగారం తెరిచింది. అంతకు మూడు వారాల ముందు ముంబయిలోనూ, ఆ తరువాత వారానికి ఢిల్లీ విమానాశ్రయం పక్కన ఏరోసిటీలోనూ అమెరికా వారి టెస్లా తన విక్రయశాలలను ప్రారంభించింది. చైనా వారి బి.వై.డి. కార్లు అప్పటికే రాజధాని వీధుల్లో తిరుగుతున్నాయి. ఈ రాకపోకల నడుమ ఇక్కడ ఒక వాదం బాగా ముదిరింది. నిన్నగాక మొన్న పుట్టిన కంపెనీలు చేసే కారు గట్టిదేనా? తరాల తరబడి ఇనుమూ ఉక్కూ వంచిన వారి పనితనం వీరికి ఎక్కడినుంచి వస్తుంది?

అనుమానించే వారి చేతిలో ఆధారాలు లేకపోలేదు. ఉత్పత్తిని హడావుడిగా పెంచే కాలంలో పనితనం దెబ్బ తింటుందని టెస్లా అధిపతి ఎలాన్ మస్క్ స్వయంగా 2021లో శాండీ మన్రో అనే ఇంజనీరుతో సంభాషిస్తూ ఒప్పుకున్నారు. అదే కంపెనీ 2025 మార్చిలో 46 వేలకు పైగా సైబర్ ట్రక్కులను వెనక్కి పిలిచింది. జిగురుతో అంటించిన ఉక్కు పలక ప్రయాణంలో ఊడిపోయే ప్రమాదం ఉండటమే కారణం. విన్‌ఫాస్ట్ అమెరికాకు పంపిన మొదటి విడత కార్లు 999. డ్రైవరు ముందుండే తెర ఆరిపోవచ్చునని 2023 మేలో ఆ 999 కార్లనూ సరిచేయవలసి వచ్చింది. చైనాలో ఫోన్లు చేసి పేరు గడించిన షియోమీ 2024లో కార్ల రంగంలో అడుగు పెట్టింది. 2025 మార్చిలో అన్‌హుయ్ రాష్ట్రంలో దాని కారు ఢీకొని మంటల్లో చిక్కుకోగా ముగ్గురు యువతులు మరణించారు. ఆ ఏడాది సెప్టెంబరులో, డ్రైవరుకు తోడ్పడే సాఫ్ట్‌వేరును సరిచేయడానికి 1,16,887 కార్లను పిలిపించారు.

ఇంతమాత్రాన పాతకాపులంతా పరిశుద్ధులని అనుకుంటే పొరపాటు. నాణ్యతకు మారుపేరని లోకం చెప్పుకునే టొయోటా 2022లో తన తొలి భారీ విద్యుత్ కారును విడుదల చేసి, చక్రాల బోల్టులు వదులై చక్రమే ఊడిపోవచ్చునని తెలిసి 2,700 కార్లను వెనక్కి పిలిచింది. బోల్టు బిగించడం విద్యుత్తుకు సంబంధించిన రహస్య విద్య కాదు గదా! జనరల్ మోటార్స్ 2021లో తాను అమ్మిన బోల్ట్ కార్లన్నిటినీ, సుమారు 1 లక్షా 40 వేలు, బ్యాటరీ మంటల భయంతో పిలిపించింది. అందులోని కణాలు కొరియా ఎల్.జి. కంపెనీవి. కొరియా హ్యుండాయ్ కోనా కార్లకూ అదే గతి పట్టింది.

కొత్తవారెవరు, పాతవారెవరన్న విభజనే ఇక్కడ తలకిందులవుతున్నది. పెట్రోలు యంత్రం చేయడంలో ఆరితేరిన సంస్థ బ్యాటరీ విషయంలో ఓనమాలు దిద్దుతూ ఉండవచ్చు. బి.వై.డి. 1995లో బ్యాటరీల వ్యాపారంగా పుట్టి 2003లో కార్లలోకి వచ్చింది. తలుపు సందుల తీరులో దానికి వంక పెట్టవచ్చునేమో గాని, కారు ధరలో పెద్ద వాటా తినే వస్తువు విషయంలో అదే పెద్దన్న. నిర్మాణ నాణ్యత అనగానే మనవారు తలుపు వేసినప్పుడు వచ్చే చప్పుడు వింటారు, రేకు మీద వేలితో కొట్టి చూస్తారు. విద్యుత్ కారులో అసలు పరీక్ష కంటికి కనిపించని చోట ఉంది. బ్యాటరీ పెట్టెలో నీరు చొరబడకుండా వేసిన సీలు, కణానికీ కణానికీ నడుమ వేడి పాకకుండా పెట్టిన అడ్డు, వాటిని కాపలా కాసే ఎలక్ట్రానిక్ పలక, సాఫ్ట్‌వేరు, ఇవి కొన్నవాడికి కనిపించవు. అమ్మేవాడికీ కనిపించవు.

ఈ సంగతి తెలుగువారు చాలా ఖరీదైన పాఠంగా నేర్చుకున్నారు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించాడు. అదే నెలలో విజయవాడలో మరొక ఇంట్లో అటువంటి పేలుడే మరొకరిని బలిగొన్నది. రెండూ కొత్త కంపెనీల బండ్లే. అంతకు కొద్ది రోజుల ముందు పుణేలో వీధి పక్కన నిలిపిన స్కూటరు తనంత తాను తగలబడటం దేశమంతా చూసింది. అప్పటికి కేంద్రం ఫేమ్ పథకం రెండవ దశ కింద ప్రతి బండికీ సబ్సిడీ ఇస్తూనే ఉంది. 2019లో 10 వేల కోట్ల రూపాయలతో మొదలైన ఆ పథకంలో ఎన్ని బండ్లు అమ్ముడుపోయాయన్న లెక్కకు ఉన్న విలువ, అవి ఎలా తయారయ్యాయన్న ప్రశ్నకు లేకపోయింది. మంటల తరువాత హైదరాబాదులోని ఏ.ఆర్.సి.ఐ. డైరెక్టరు టాటా నరసింగరావు అధ్యక్షతన నిపుణుల సంఘం వేశారు. దాని సిఫార్సుల మీద బ్యాటరీ ప్రమాణాలను సవరించి 2022 డిసెంబరు నుంచి ఒక విడత, 2023 మార్చి నుంచి మరొక విడత అమలు చేశారు. మంచిదే. ఎటొచ్చీ, ఇల్లు కాలిన తరువాత బావి తవ్వినట్టయింది.

ప్రభుత్వం ముందు పీట వేసి ఆ తరువాత పరీక్ష పెట్టడం ఢిల్లీకి కొత్త కాదు. 1970 దశకంలో సంజయ్ గాంధీకి చౌక కారు తయారుచేసే లైసెన్సు దక్కింది. గుర్‌గావ్‌లో భూమి దక్కింది. కారు మాత్రం జనం చేతికి రాలేదు. జనతా ప్రభుత్వం వేసిన గుప్తా కమిషన్ ఆ వ్యవహారాన్నంతా తవ్వి తీసింది. తరువాత జపాను సుజుకీ తోడై 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కినప్పుడు, అంబాసిడరుకు అలవాటుపడిన ఢిల్లీ పెద్దలు ఆ రేకు డబ్బాను చూసి నవ్వుకున్నారు. అది ఏళ్ల తరబడి నడిచి వారి నోళ్లు మూయించింది. కొత్త కంపెనీని చూసి నవ్వడమూ, కొత్త కంపెనీకి కళ్లు మూసుకుని పట్టం కట్టడమూ, రెండూ ఈ నగరం చేసిన పనులే.

రేవా కథ ఇంకా చిత్రం. బెంగుళూరులో 2001లో అమ్మకానికి వచ్చిన ఆ చిన్న విద్యుత్ కారు లండనులో జి-విజ్ పేరుతో తిరిగింది. చట్టం దృష్టిలో అది కారు కాదు, నాలుగు చక్రాల తేలిక బండి. కనుక కార్లకు తప్పనిసరైన ఢీకొట్టే పరీక్షలు దానికి లేవు. 2007లో ఒక బ్రిటిష్ మోటారు పత్రిక దాన్ని ఢీకొట్టి చూపగా, లోపలి మనిషికి ఏ గతి పట్టేదో లోకానికి తెలిసింది. తయారీదారు చట్టాన్ని ఉల్లంఘించలేదు. వర్గీకరణలోనే కన్నం ఉంది.

మరి నేడు మన దగ్గర ఉన్న పరీక్షలేమిటి? ఏ మోడలైనా పుణేలోని ఏ.ఆర్.ఏ.ఐ., మానేసర్‌లోని ఐకాట్ వంటి సంస్థలలో ఆమోదం పొందాలి. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌కాప్ నక్షత్రాలు ఇస్తున్నది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ముందునుంచి ఢీకొట్టించి, పక్కనుంచీ ఢీకొట్టించి తూకం వేస్తారు. టాటా, మహీంద్రా విద్యుత్ కార్లు కొన్ని ఐదు నక్షత్రాలు సంపాదించాయి. అందుకు అభినందించవలసిందే. అయితే ఆ పరీక్ష స్వచ్ఛందం. రాదలచిన కంపెనీయే వస్తుంది. పైగా అది ఢీకొన్న క్షణాన్ని కొలుస్తుంది గాని, మూడు వేసవులు గడిచిన తరువాతి బండిని కొలవదు. బ్యాటరీ పెట్టెకు ఐ.పి.67 ముద్ర ఉన్నదంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపల తడవదని అర్థం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో బండ్లు మునిగి ఉన్నది అరగంట కాదు, రోజుల తరబడి. రామగుండం ఎండకూ, బెజవాడ వరదకూ తగిన పరీక్ష ఏదో నిర్ణయించవలసింది మనమే గాని, ఆ ముద్రను రూపొందించిన దేశాలు కావు.

విదేశీ కంపెనీలను ఆకర్షించడానికి 2024 మార్చిలో ప్రకటించిన పథకం చూస్తే ప్రభుత్వం దృష్టి ఎక్కడ ఉందో తెలుస్తుంది. 4,150 కోట్ల రూపాయలు పెట్టుబడి పెడతానన్న కంపెనీ, 35 వేల డాలర్లకు పైబడిన కార్లను ఏడాదికి 8 వేల వరకు 15 శాతం సుంకంతో దింపుకోవచ్చు. మూడేళ్లలో 25 శాతం, ఐదేళ్లలో 50 శాతం స్థానికంగా తయారు కావాలి. షరతులన్నీ డబ్బు లెక్కలే. కంపెనీ మూతబడితే విడిభాగాలు ఎవరిస్తారు, సాఫ్ట్‌వేరు ఎవరు సరిచేస్తారు? ఇది ఊహాజనితమైన భయం కాదు. అమెరికాలో ఫిస్కర్ 2024 జూన్‌లో దివాలా తీసింది. దాని కారు కొన్నవారు దిక్కులేనివారయ్యారు. మరోవైపు, హైదరాబాదు మేఘా ఇంజనీరింగుతో కలిసి వంద కోట్ల డాలర్లతో కర్మాగారం పెడతానన్న బి.వై.డి. ప్రతిపాదనను 2023లో కేంద్రం తోసిపుచ్చింది. సరిహద్దు దేశాల పెట్టుబడులపై 2020లో పెట్టిన ఆంక్షలు తెలిసినవే. భద్రతా కారణాలను తప్పుపట్టలేం. కాని ఆ కార్లను మాత్రం అమ్ముకోనిచ్చి కర్మాగారాన్ని వద్దనడంలో, నాణ్యతపై మన ఇంజనీర్లకు దక్కగల పట్టు కూడా పోయింది.

పొరుగున నేపాల్ మరో దారి పట్టింది. 2015లో సరిహద్దు స్తంభించి పెట్రోలు దొరకక పడిన అవస్థను ఆ దేశం మరచిపోలేదు. సొంత జలవిద్యుత్తు ఉంది. పెట్రోలు కార్లపై కన్నా విద్యుత్ కార్లపై పన్ను బాగా తక్కువ. 2024-25లో అక్కడికి వచ్చిన కొత్త కార్లలో ప్రతి నాలుగింటిలో సుమారు మూడు విద్యుత్‌వే, అందులో అధికభాగం చైనావి. శ్రీలంక 2025లో వాహనాల దిగుమతిని తిరిగి అనుమతించగా, బి.వై.డి. కార్ల మోటారు సామర్థ్యం ఎంతన్న వివాదంతో కస్టమ్స్ శాఖ వందల కార్లను రేవులోనే నిలిపివేసింది. చిన్న దేశాలకు పరీక్షాగారాల భారం మోయడం కష్టం. సార్క్ బతికి ఉంటే ఈ పని కలిసి చేసుకోదగినదే. ఆ సంస్థ శిఖరాగ్ర సమావేశం 2014 తరువాత జరగనే లేదు.

చైనాను చూసి భయపడేవారు అక్కడి నియమాలను కూడా చూడాలి. ఒక బ్యాటరీ కణం చెడినప్పుడు ప్రయాణికులు దిగడానికి ఐదు నిమిషాల ముందు హెచ్చరిక వస్తే చాలునని పాత ప్రమాణం. మంటా పేలుడూ అసలే రాకూడదని కొత్త ప్రమాణం. కొత్త మోడళ్లకు 2026 జూలై 1 నుంచి వర్తించేలా దాన్ని 2025లోనే ప్రకటించారు. కరెంటు పోతే తెరుచుకోని దాపుడు తలుపు పిడులపైనా 2027 నుంచి నిషేధం పెట్టారు. తమ కంపెనీలు ప్రపంచ విపణిలో దూసుకుపోతున్న వేళ అక్కడి ప్రభుత్వం పగ్గాలు బిగించింది.

మనకు పగ్గాలు లేవని కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 110-ఎ సెక్షను లోపమున్న బండ్లను వెనక్కి రప్పించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి నియమాలు అమలులోకి వచ్చాయి. నిర్ణీత శాతం యజమానులు ఫిర్యాదు చేస్తే విచారణ మొదలవుతుంది. గరిష్ఠ జరిమానా కోటి రూపాయలు. ఒకే స్కూటరు కంపెనీపై ఏడాది కాలంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు 10 వేలకు పైగా ఫిర్యాదులు చేరాయని 2024 అక్టోబరులో నోటీసు ఇచ్చినప్పుడు గాని జనానికి తెలియలేదు. అమెరికాలో రహదారి భద్రతా సంస్థకు అందిన ప్రతి ఫిర్యాదునూ, పేరు తొలగించి, ఎవరైనా చదవవచ్చు. ఇక్కడ విజయవాడ యజమానికి తన బండి లోపమే లూధియానాలోనూ కనిపించిందని తెలిసే మార్గం లేదు. ఆ శాతం ఎప్పుడు నిండుతుందో కంపెనీకీ, శాఖకే తెలుసు. మోడలు వారీగా ఆ పట్టికను ప్రతి నెలా బయటపెట్టడానికి పార్లమెంటులో బిల్లు అక్కరలేదు, రోడ్డు రవాణా శాఖ మంత్రి సంతకం చాలు.