రాబందుకు కాపలా ఒక్కటే చాలదు

బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టపై 2013లో పొడుగు ముక్కు రాబందుల గూళ్లు బయటపడ్డాక అటవీశాఖ అక్కడ కాపలా పెట్టింది. మంచిదే. కానీ ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే ఈ పక్షి మేత కోసం పదుల కిలోమీటర్లు ఎగురుతుంది. దానికి చావు గూటి దగ్గర లేదు, పశువుల మందు సీసాలో ఉంది. నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ ఇచ్చిన గొడ్డు చస్తే, ఆ మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు రోజుల్లోనే పాడవుతాయి. నూటికి ఒక్క కళేబరంలో మందున్నా జాతి కుప్పకూలడానికి చాలని పరిశోధకులు లెక్కగట్టారు. ఒక్క గొడ్డు మీద గుంపంతా వాలుతుంది మరి.

పశువులకు ఈ మందును 2006లోనే నిషేధించారు కదా అనవచ్చు. నిషేధించారు; మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు మాత్రం కొట్టాలకు చేరుతూనే వచ్చాయి. అందుకే 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. రాబందుకు అలాంటి హానే చేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను ఆపడానికి 2023 దాకా పట్టింది. రాబందు అపశకునమని ముఖం చిట్లించేవాళ్లు (జటాయువుకు మొక్కుతూనే!) రాబందులు లేక ఊరి బయట కళేబరాల చుట్టూ మూగే కుక్కలను చూడాలి. మరి నొప్పితో మూలిగే ఎద్దును రైతు ఏం చేయాలి? న్యాయమైన ప్రశ్నే. జవాబూ ఉంది: రాబందుకు హాని చేయని మెలాక్సికామ్. దాన్ని ప్రతి పశువైద్యశాలలో ఎప్పుడూ దొరికేలా ఉంచాల్సింది ప్రభుత్వమే, రైతు కాదు.