నంబరు లేని బండి

మా ఇంటికి స్కూటరు ఒకటే. అది మా ఆవిడది. ఆమె పనిచేసే స్కూలు ఊరికి ఆ చివర, నా కాలేజీ ఈ చివర. మధ్య మూడున్నర కిలోమీటర్లు. నడిచి వెళ్తే మొదటి క్లాసుకు ఆయాసంతోనే పద్యం చదవాలి. రోజూ ఆటో ఎక్కితే నెలాఖరుకు జేబు తడుముకోవాలి. మరో స్కూటరు కొనమని మీరంటారు. ఇంటి అప్పు తీరాక ఆ మాట ఆలోచిద్దామని మా ఆవిడ అంటుంది. నేను ఆవిడ మాటే వింటాను.

ఈ వేసవిలో మావాడు ఇంటరు పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. పదిహేడేళ్ళవాడు. నాతో రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. అందులో రెండు "ఊఁ", "సరే". అలాంటివాడు ఒకనాటి రాత్రి తనంతట తానే వచ్చి ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. 1916లో లండనులో తీసిన ఫోటో. ఫ్లారెన్స్ నార్మన్ అనే దొరసాని నెత్తిన టోపీతో, పొడుగు కోటుతో చిన్న పలక మీద నిటారుగా నిలబడి, రెండు చేతులా హేండిలు పట్టుకుని రోడ్డున పోతోంది. కూర్చోడానికి సీటు లేదు. ఇంజను ముందు చక్రం దగ్గరే ఉంది. బండి పేరు ఆటోపెడ్. 1915 నుంచి కొన్నేళ్ళు అమెరికాలో తయారైందట. హేండిలు ముందుకు తోస్తే బండి కదులుతుంది, వెనక్కి లాగితే ఆగుతుంది.

"నాన్నా, ఇది మనం చేసుకోవచ్చు," అన్నాడు.

ఆ "మనం" అన్న మాటకే నేను పడిపోయాను. లేకపోతే మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే తెలుగు లెక్చరరుకు ఇంజన్లతో ఏం పని?

ఇలాంటి పని ఇంట్లో చేసినవాళ్ళు లేకపోలేదు. జపానులో సోయిచిరో హోండా 1946లో, యుద్ధంలో సైన్యం రేడియోలకు కరెంటిచ్చి మిగిలిపోయిన చిన్న ఇంజన్లను సైకిళ్ళకు బిగించాడు. మొదటి బండికి పెట్రోలు టాంకీ ఏమిటో తెలుసా? ఇంట్లో కాపడానికి వాడే వేణ్ణీళ్ళ డబ్బా! ఆ బండిని ఆయన భార్య కూడా తొక్కి చూసింది. ఈ సంగతి మా ఆవిడకు ఉత్సాహంగా చెప్పాను. "నా వంటింటి డబ్బాల జోలికి వస్తే ఊరుకోను. తొక్కి చూడమంటే అసలు ఊరుకోను," అంది.

ఇంజను మా మామగారి పొలంలో దొరికింది. గడ్డి కోసే మిషను. రాడ్డు విరిగి రెండేళ్ళుగా కొట్టంలో పడి ఉంది. "తీసుకుపోండి అల్లుడుగారూ, ఇక్కడుంటే ఎలకలు కాపురం పెడతాయి," అన్నారాయన. ఇంజను మీద 25 సి.సి. అని కాగితం అంటించి ఉంది.

ఆ కాగితం చూసి నాకు ప్రాణం లేచివచ్చింది. ఎందుకంటే పని మొదలుపెట్టేముందు చట్టం చదివాను. చదువుకున్నవాడికి అదొక జబ్బు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు చక్రాల కంటే తక్కువ ఉండి, ఇంజను 25 సి.సి. మించకపోతే అది మోటారు వాహనమే కాదు. లైసెన్సు వద్దు, రిజిస్ట్రేషను వద్దు, నంబరు వద్దు. ఇల్లు కదలకుండా ఇంత మేలు చేసే చట్టం మరొకటి నేను చదవలేదు.

చక్రాలు మావాడి చిన్ననాటి సైకిలువి. పన్నెండంగుళాలవి. అటక మీంచి దించి, విప్పుతూ విప్పుతూ, "దీని మీద నువ్వు వెనకాల పట్టుకుని పరుగెత్తేవాడివి కదూ," అన్నాడు. నాకు గుర్తుందని వాడికి తెలియదు కాబోలు. చదరపు ఇనపగొట్టాలతో చట్రం వెల్డింగు చేయించాం, పైన అరంగుళం ప్లైవుడ్డు పలక.

ఇంజను బలం చక్రానికి ఎలా అందించాలన్నది అసలు చిక్కు. గొలుసు, పళ్ళచక్రాలు మా తాహతుకు మించిన పని. మావాడు తేలిక దారి చెప్పాడు. ఇంజను చివర ఇనప రోలరు బిగించి దాన్ని నేరుగా వెనక టైరుకు ఆనిస్తే చాలు; రోలరు తిరిగితే టైరు తిరుగుతుంది. ఇందులో తమాషా ఏమిటంటే చక్రం ఎంత పెద్దదైనా వేగం మారదు. లెక్కంతా రోలరుదే. 25 మిల్లీమీటర్ల రోలరు ఒక చుట్టుకు ఏడున్నర సెంటీమీటర్ల పైచిలుకు టైరును జరుపుతుంది. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగితే గంటకు 28 కిలోమీటర్లు. అంతకుమించి నాకు వద్దే వద్దు. ఇంజను నెమ్మదిగా తిరిగినంతసేపూ రోలరు కదలదు. వేగం పెరిగితే క్లచ్చి లోపలి రెండు బద్దలు గిన్నె అంచుకు విచ్చుకుని పట్టుకుంటాయి. లేతు మిషను కుర్రాడు రోలరు నిండా గరుకు గీతలు పెట్టి ఇచ్చాడు. వాన పడితే మాత్రం రోలరు జారుతుంది, బండి మొండికేస్తుంది.

వెల్డింగు మేస్త్రి అంతా చూసి, "మాస్టారూ, పోయే ఏర్పాట్లన్నీ చేశారు. ఆగేదెలా?" అని అడిగాడు. నేనూ మావాడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పాత సైకిలు బ్రేకు వెనక చక్రానికి బిగించాం. ముందు చక్రానికి ఒక్కదానికే వేస్తే నిలబడ్డవాడు హేండిలు మీంచి ఎగిరి అవతల పడతాడట.

లీటరు పెట్రోలులో 40 మిల్లీలీటర్ల నూనె కలిపి పోసి, తెల్లవారుజామున కాలువగట్టుకు తోసుకెళ్ళాం. నిలబడి తోలడమంటే బస్సులో రాడ్డు పట్టుకుని నిలబడ్డట్టే అనుకున్నాను. కాదు. మోకాళ్ళు బిగిస్తే ప్రతి రాయీ తలకు తగులుతుంది, వదులు చేస్తే ఒళ్ళే స్ప్రింగు. పెద్ద సైకిలు చక్రం దాటిపోయే గుంటలో ఈ చిన్న చక్రం దిగబడుతుంది. అయినా నలభై దాటిన నా మొహాన పొద్దుటి గాలి తగులుతుంటే నోరు తెరిచి నవ్వాను. మావాడు వెనకాలే పరుగెత్తుకొచ్చాడు, ఒకప్పుడు నేను పరుగెత్తినట్టు.

పదకొండు రోజులు ఆ బండి మీదే కాలేజీకి వెళ్ళాను. పిల్లలు మొదట నవ్వారు, తరవాత కట్టి ఇమ్మన్నారు.

పన్నెండో రోజున, వంతెన దిగే మలుపులో ఒక ముసలమ్మ మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని అడ్డం వచ్చింది. బ్రేకు నొక్కాను. ఇరవై అడుగులు జారి, ఆమె కొంగు తాకీ తాకనట్టు ఆగాను. ఆమె బెదిరి వెనక్కి కూలబడింది. కుండ పగిలింది. దేవుడి దయవల్ల దెబ్బ తగల్లేదు. డబ్బివ్వబోతే తీసుకుంది గాని, బండి చుట్టూ తిరిగి వెతికి, "ఇదేం బండి నాయనా, నంబరు లేదే? నువ్వు ఆగకుండా పోయుంటే నేనెవర్నని అడిగేదాన్ని?" అంది.

నా దగ్గర జవాబు లేదు. చట్టం నా పక్షాన ఉందని ఆమెకు చెప్పడమెలా?

ఆ రాత్రి మావాడు మసి దులపడానికి ఇంజను విప్పి, ఊరికే వెర్నియరుతో కొలిచాడు. బోరు 34 మిల్లీమీటర్లు, స్ట్రోకు 28. లెక్క కట్టి కాగితం నా ముందు పెట్టాడు: 25.4 సి.సి. అంకె గుండ్రంగా ఉండాలని ఎవరో కాగితం మీద 25 అని వేశారు. అంటే పదకొండు రోజులూ నేను రిజిస్ట్రేషనూ, ఇన్సూరెన్సూ లేని మోటారు వాహనం నడిపాను.

"పాయింటు నాలుగే కదా నాన్నా. ఎవరు కొలుస్తారు?" అన్నాడు.

"నువ్వు కొలిచావుగా," అన్నాను.

పోయిన ఏడు ఒక్క మార్కు తక్కువై తప్పిన కుర్రాడి తండ్రి మా గుమ్మంలో నిలబడ్డాడు. ఒక్క మార్కే కదండీ అన్నాడు. నేను కుదరదన్నాను. అది గుర్తొచ్చింది గాని మావాడికి చెప్పలేదు. మరునాడు ఇంజను ఊడదీశాం. వాడు రెండు రోజులు మళ్ళీ "ఊఁ", "సరే"ల్లోకి వెళ్ళిపోయాడు. మూడో రోజున, బజారులో పాత మిషన్ల కొట్లో 22 సి.సి. ఇంజను ఉందని, ఈసారి కొనకముందే కొలిచి చూస్తానని వచ్చి చెప్పాడు. రోలరు కాస్త సన్నం చేయిస్తే వేగం ఇరవై దాటదట. ముందు చక్రానికీ మెత్తగా పట్టే బ్రేకు, ఒక గంట కూడా వేస్తాడట.

సరేనన్నాను. నిన్న సాయంత్రం ఒక రేకుముక్క కోయించి, పెయింటరు కుర్రాడి చేత దాని మీద నా పేరు, కాలేజీ పేరు, ఫోను నంబరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాను. ఇంజను ఇంకా రాలేదు. రేకు మాత్రం బండికి వెనక బిగించాం. మా ఆవిడ వచ్చి చూసి, అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయించమంది. ముసలివాళ్ళకు ఆనవద్దా అని.