కట్టప్పకు ఒక తమ్ముడున్నాడు

బాహుబలి సినిమా చూడనోళ్లు మా ఎర్రగుంట్ల పల్లెల్లో తక్కువ. 2015లో మొదటి భాగం, 2017లో రెండో భాగం. ఆ సినిమా షూటింగు మొదలైందే మన సీమలో, 2013 జూలైలో, కర్నూలు పక్కన ఓర్వకల్లు రాతిగుండ్లలో. రెండేండ్లు దేశమంతా ఒకటే ప్రశ్న: బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపినాడు? మేమడిగేది వేరే ప్రశ్న. కట్టప్ప బానిసగా ఎందుకున్నాడు?

సినిమా చెప్పే జవాబు ఒకటే. తాతముత్తాతలు మాటిచ్చినారంట! అస్లంఖాన్ వచ్చి నిన్ను విడిపిస్తానన్నా కట్టప్ప ఒప్పుకోడు. హాల్లో చప్పట్లు. మన వాడ పిల్లోళ్లు కూడా కొట్టినారు. సంకెళ్లను మోసేవాడే మహావీరుడని మనకు నేర్పినారు.

ఆ సినిమాకు ముందు జరిగిన కథను ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లీషులో నవలగా రాసినాడు. 'ద రైజ్ ఆఫ్ శివగామి' పేరుతో 2017లో వచ్చింది. సినిమా పేరు మీద అమ్ముకునే పుస్తకంలో ఏముంటాదిలే అని మేమూ తీసిపారేసినాం. అది మా తప్పే. చదివి చూస్తే అందులో కట్టప్పకు ఒక తమ్ముడున్నాడు. పేరు శివప్ప. అదే తండ్రి, అదే బానిస కొంప. అయినా ఈ బతుకు నాకొద్దంటాడు. తిరగబడిన వైతాళికులతో కలుస్తాడు. ఇంకో సంగతి. మాహిష్మతి బలమంతా గౌరీకాంత రాళ్లలో ఉంది. ఆ రాళ్లు తవ్వేది ఎత్తుకొచ్చిన పసిపిల్లలు!

నాపరాయి గనుల్లో నడుములిరిగిన మాకు ఈ సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. బండ పరిచిన ఇల్లు ఎవరిది? బండ తీసిన చెయ్యి ఎవరిది?

కట్టప్పలు సినిమాలోనే లేరు. మన పల్లెల్లో పార్టీ కక్షలు రగిలిన కాలంలో పెద్దాయన కోసం కత్తి పట్టిందెవరు? జైలుకు పోయిందెవరు? ఉప్పు తిన్నాం, ఎట్లా కాదంటాం అన్నారు మనోళ్లు. సచ్చినోని పెండ్లాం కూలికి పోయింది, పెద్దాయన కొడుకు పట్నంలో చదువుకున్నాడు. ఆయన ఉప్పు మనం తిన్నామా, మన చెమట ఉప్పు ఆయన తిన్నాడా? ఈ లెక్క తేలాల.

ఆ నవలలో లోపాల్లేవని మేమనం. రాజుల కుట్రలే దానికి ముఖ్యం. అట్ట మీద పేరు శివగామిదే, శివప్పది కాదు. శివప్ప కథ రాయాల్సింది మనమే.

పూర్తిగా తెలుగులో చెక్కిన తొలి శాసనం అంటారే, సుమారు క్రీ.శ. 575 నాటిది, ఆ కలమల్ల మా మండలమే. రాయి ఇక్కడిదే, అక్షరం ఇక్కడిదే. ఆ అక్షరాన్ని వెయ్యేండ్లకు పైగా మన గడప తొక్కనీయలేదు. ఇప్పుడు మన పిల్లోళ్లు డిగ్రీలు చదువుతాండారు. తమ్ముల్లారా, చెల్లెల్లారా! ఇంగ్లీషు వచ్చినోళ్లు ఇట్లాంటి పుస్తకాలు చదవండి. పొద్దుమూకినాక వేపచెట్టు కింద కూచోని అవ్వాతాతలకు మన భాషలో చెప్పండి. చెప్పినాక ఒక మాట అడగండి: మన ఇంట్లో కట్టప్ప ఎవరు, శివప్ప ఎవరు?

కట్టప్ప కత్తికి పదునుంది. దాన్ని ఎవరి కోసం ఎత్తాలో చెప్పే హక్కు కట్టప్పకే ఉండాల.

జై భీమ్!