పాడుబంగళాయా, మేడమెట్లా?

మా పాఠశాలయందలి పదవ తరగతి విద్యార్థులు కొందరు ఈ సంవత్సరము సెల్‌ఫోనుతో ఒక చిన్న థ్రిల్లరు చిత్రమును తీయ సంకల్పించిరి. కథ సిద్ధమైనది. మొదటి రెండు నిమిషముల దృశ్యమును ఎచ్చట తీయవలెనను విషయమున మాత్రము వారిలో వారికి పెద్ద వాదము బయలుదేరినది. ఊరి వెలుపల పాడుబడిన బంగళా యొకటి కలదు. అచ్చటనే, అదియును రాత్రివేళ, తీయవలెనని పలువురి పట్టు. మా యభిప్రాయము నడిగిరి గనుక దాపరికము లేక చెప్పుచున్నాము: ఆ బంగళా వలదు.

పాడుబడిన యింటిని తెరపై చూచిన తోడనే ప్రేక్షకుడు భయమునకు సిద్ధపడి కూర్చుండును. అట్టివానిని భయపెట్టుట కష్టము. 1931లో జర్మనీ దేశమున ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘ఎం’ అను చిత్రము ఎట్లు ప్రారంభమగునో చూడుడు. బీదకుటుంబములు కాపురముండు ఒక లోగిలి. అందు ఆడుకొను పిల్లలు. బడినుండి రావలసిన కూతురికై భోజనపు బల్లను సర్దుచున్న తల్లి. వేళ మించును, బిడ్డ రాదు. ఖాళీ మెట్లదారి, ఖాళీ పళ్ళెము, తుదకు తీగలకు చిక్కుకొన్న బెలూను, ఇంతే చూపబడును. హత్య కంటబడదు. అయినను చూచువారి గుండె ఝల్లుమనును. హిచ్‌కాక్ 1960లో తీసిన ‘సైకో’ సయితము చీకటిలో మొదలు కాదు. ఫీనిక్స్ నగరమున పట్టపగలు, మధ్యాహ్నము 2 గంటల 43 నిమిషములకు మొదలగును.

అడవులును పాడుకొంపలును ఎన్నడును పనికిరావని మేమనము. వంశీగారి ‘అన్వేషణ’ (1985)కు అడవియే ఆయువుపట్టు. మన పిల్లల కథ యన్ననో, మరచిన పుస్తకమునకై బడి విడిచిన పిమ్మట తిరిగివచ్చిన బాలిక కథ. దానికి బంగళాతో పనియేమి? సాయంకాలపు గంట మ్రోగిన అరగంటకు మా మేడమెట్లయొద్ద నిలిచి చూడుడు. దినమంతయు వందలమంది త్రొక్కిన మెట్లపై ఒక్క చెప్పుల జత. తలుపులన్నియు మూసియున్న వరండాలో, ఒక్క గదియందు మాత్రము ఫ్యాను తిరుగుచుండును.

చోటు నెన్నుకొనునపుడు కన్నొక్కటియే చాలదు. తీయదలచిన వేళకే అచ్చటికి పోయి, కన్నులు మూసికొని పది నిమిషములు కూర్చుండవలెను. మేమట్లు కూర్చుండగా ధాన్యపు మిల్లు మ్రోత మెట్లవరకు వచ్చుచున్నదని తెలిసినది. (ఇన్నేండ్లుగా అచ్చటనే తిరుగుచు దానిని వినకుండుట మాకే వింతగా నున్నది.) కనుక మిల్లుకు సెలవైన దినముననే తీసికొనవలెను. మునిమాపు వెలుగును నమ్మరాదు. నాలుగుమార్లు తీయవలసిన దృశ్యము మొదటిమారు ఎఱ్ఱగాను, కడపటిమారు నల్లగాను పడును.

ఇక అసలు మాట. రాత్రివేళ బంగళా యనగానే జట్టులోని బాలికలు మువ్వురు తప్పుకొనిరి. తల్లిదండ్రులు పంపమనిరి, వారిని తప్పుపట్ట వీలులేదు, ఆ బంగళా పైకప్పు సగము కూలియున్నది. అయితే ఆ మువ్వురిలో నొకతెయే ఈ కథను వ్రాసినది. ఆమె ఇంట కూర్చుండగా ఆమె కథను ఇతరులు చిత్రించుట మాకు న్యాయముగ తోచలేదు. మెట్లయొద్దకైన ఆమె వచ్చును. ప్రధానోపాధ్యాయులవారు రెండు సాయంకాలములకు అనుమతి నిచ్చియున్నారు. మేడ తాళపుచెవి ప్యూనుగారి యొద్ద నున్నది.